మా అత్త ఓర్చుకోలేదు

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, టెక్కలిలో మా స్కూల్లో తొమ్మిదో తరగతికి పాఠం మొదలుపెట్టబోతుండగా వదిన ఫోన్ చేసింది. వదిన అంటే మా మేనత్త కూతురు. "అమ్మ ఎల్లిపోనాదే" అంది. హెడ్మాస్టరు గారికి చెప్పి పలాస బస్సెక్కాను.

పలాసలో దిగి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే ఆటో ఎక్కేసరికే మా అత్త చావుకి ఒక కథ తయారైపోయింది. పక్కన కూర్చున్న పెద్దాయనకి నేనెవరో తెలియదు. ధ్యానం చేసుకునే ఒక ముసలావిడ పద్మాసనంలో ఉండగానే ప్రాణం విడిచిందనీ, పెదాల మీద చిరునవ్వు చెదరలేదనీ, అలాంటి చావు ఎవరికో గాని రాదనీ ఆయన నాకే చెప్పుకొచ్చాడు. ఊళ్లో దిగేసరికి వీధి మొదట్లో ఫ్లెక్సీ కోసం కర్రలు పాతుతున్నారు. అత్త పేరుకి ముందు 'ధ్యానయోగిని' అని వేయిస్తున్నారట.

అందుకే ఇది రాస్తున్నాను. మా అత్త పద్మాసనంలో పోలేదు. ఆమె మోకాళ్లు పద్మాసనానికి ఎప్పుడూ వంగలేదు. గోడకి చేరబడి, కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆ రోజు పొద్దున్న టీ అడిగింది. కిడ్నీల జబ్బు వల్ల నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి వదిన అర గ్లాసే ఇచ్చింది. ఆ అర గ్లాసు మీద ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. తర్వాత ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిపోయింది. ఆటో వచ్చేలోపు అయిపోయింది. ఆ కొద్దిసేపట్లో వదిన చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుని, "బయమేత్తంది" అని పైకే చెప్పింది.

భయమేస్తే భయమేస్తోందని చెప్పగలగడానికి ఆవిడ ఇన్నేళ్లు కూర్చుంది. దాన్ని తీసేసి, ఆ చోట చిరునవ్వు పెట్టడానికి నేను ఒప్పుకోను.

మా అత్త కాశీబుగ్గలో జీడిపిక్కల షెడ్డులో పనిచేసేది. నేను పలాసలో ఇంటర్మీడియట్ చదివిన రెండేళ్లూ ఆవిడ దగ్గరే ఉన్నాను. పొద్దున్నే ఇద్దరం ఒకే ఆటోలో బయల్దేరేవాళ్లం. నేను కాలేజీ దగ్గర దిగితే ఆవిడ షెడ్డుకి పోయేది. కాల్చిన పిక్కల్ని ఒక్కొక్కటే కొట్టి పప్పు చెదరకుండా తీయాలి. పెంకులోంచి కారే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా ఆవిడ వేళ్లు నల్లగానే ఉండేవి. నా పరీక్ష ఫీజు కట్టడానికి కాలేజీకి వచ్చినప్పుడు చేతులు కొంగులో దాచుకుంటుందేమోనని చూశాను. దాచుకోలేదు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

నెమ్మదస్తురాలు కాదు మా అత్త. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. తూకంలో మోసం జరిగిందని ఒకసారి షెడ్డు మేస్త్రీ ముందు పప్పు బుట్ట బోర్లించేసి వచ్చిందని మావయ్య నవ్వుతూ చెప్పేవాడు. ఆ మావయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. ఊరూరా ఈ జబ్బే ఉన్న మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎందుకని ఎవరూ అడగరు. ఎప్పటి నుంచి అని మాత్రం అడుగుతారు. మూడేళ్లు డయాలసిస్‌కి తిరిగి మావయ్య పోయాడు. తర్వాత ఏడాది మా అత్త అలవాటుగా తినేది, అలవాటుగా షెడ్డుకి పోయేది, పెద్దగా మాట్లాడేది కాదు. ఆవిడ గొంతు తగ్గితే ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు.

ఆ సమయంలో శాలిహుండం కొండ దగ్గర ఒక తోటలో పది రోజుల ధ్యాన శిబిరం పెట్టారు. వంటకి మనిషి కావాలన్నారు. షెడ్డులో తోటి కార్మికురాలు చెబితే మా అత్త వెళ్లింది, ధ్యానానికి కాదు, వంటకి. అక్కడ పది రోజులూ ఎవరూ మాట్లాడకూడదు. పొయ్యి దగ్గర ఉన్నవాళ్లకీ అదే నియమం. నాలుగు రోజులు ఓపిక పట్టి, ఐదో రోజు శిబిరం నడిపే ముసలాయన దగ్గరికి వెళ్లి, వీళ్లందరూ ఏం చేస్తున్నారని అడిగింది. ఊపిరిని చూస్తున్నారని ఆయన చెప్పాడు. ఊపిరి ఎవరైనా పీలుస్తారు, అందులో చూడ్డానికేముందని ఈవిడ. గిన్నెలు కడిగేశాక మీరూ కూర్చుని చూసి నాకు చెప్పండని ఆయన.

కూర్చుంది. కాసేపటికే లేచి వచ్చేసింది, కళ్లనిండా నీళ్లతో, ఒళ్లంతా కోపంతో. ఊపిరిని చూస్తుంటే ఆవిడకి కనిపించింది మావయ్య చివరి ఊపిరి. ఒక్కొక్కటీ లాగి లాగి తీసినది. తిన్నగా ఆ ముసలాయన దగ్గరికి వెళ్లి, శాంతి వస్తుందని చెప్పి నన్నెందుకు కూర్చోబెట్టావని నిలదీసింది. ఆయన శాంతంగా, శాంతి వస్తుందని నేనెప్పుడు చెప్పానమ్మా, ఏముందో చూడమన్నానంతే అన్నాడు. బుద్ధుడు చెప్పిన మొట్టమొదటి మాటే దుఃఖం ఉందని, ఆయన కూడా లేదనలేదని కూడా చెప్పాడు.

ఈ సంగతి మా అత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర ఒకటే అనేది. "అందరూ మర్సిపో మర్సిపో అన్నారే గుంటా. ఆ ముసిలాయనొక్కడే సూడమన్నాడు."

మా వైపు చిన్నపిల్లల్ని గుంటా అంటారు. నాకు నలభై దాటినా ఆవిడకి నేను గుంటనే.

ఆ తర్వాత రోజూ తెల్లారగానే పెరటి అరుగు మీద గోనె పరుచుకుని కూర్చునేది. చుట్టాలు తలో మాటా అన్నారు. మతం మారిపోయిందా అని మా నాన్నే అడిగాడు. మారలేదు. అమ్మవారి పండక్కి ఘటం ఎత్తుకోవడం మానలేదు, కార్తీకంలో ఉపవాసాలు మానలేదు, షెడ్డులో గొడవ పడటం అసలే మానలేదు. మారినవి చిన్న చిన్నవి. టీ తాగేటప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అది అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. అన్నంలో మొదటి ముద్ద కూర లేకుండా ఉత్తిగా తినేది, బియ్యం రుచి తెలియాలని. అన్నం తింటూ ఫోన్ చూస్తే మాత్రం నా కంచం లాగేసేది. "తింతే తిను, సూత్తే సూడు. రెండూ సేత్తే నువ్వు రెండుసోట్లా నేవు" అనేది.

కొన్నేళ్లకి వచ్చిన పెద్ద తుఫాను మా కొబ్బరి తోటల్ని ఒక్క పూటలో పడుకోబెట్టింది. గాలి తగ్గాక నేను టెక్కలి నుంచి సగం దూరం నడిచి వెళ్లాను. మావయ్య నాటిన చెట్లన్నీ ఒకే వైపుకి తల పెట్టి పడి ఉన్నాయి. మధ్యలో కూలబడి మా అత్త గుండెలు బాదుకుని ఏడుస్తోంది. వీధిలో ఒకామె ఓదార్చబోయి, ధ్యానం చేసేదానివి నువ్వు కూడా ఇలా ఏడిస్తే ఎలా అంది. అత్త ఏడుపు ఆపకుండానే జవాబు చెప్పింది. "ఏడుత్తన్నానని నాకు తెలుత్తన్నాదే. అంతకన్నా ఏటి ధేనం?" మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వదినా, ఆవిడా కత్తులు పట్టుకుని దారికి అడ్డంపడ్డ మట్టలు నరుకుతున్నారు. ఆ పనిలో కూడా అప్పుడప్పుడూ ఏడుస్తూనే ఉంది.

మూడేళ్ల క్రితం ఆవిడకీ కిడ్నీల జబ్బు బయటపడింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఏ ఊళ్లో అన్నది రాయను. ఉద్దానంలో ఇలాంటి కేంద్రాలున్న ఏ ఊరైనా అనుకోండి. అక్కడ పక్క మంచం మీద సముద్రం ఒడ్డు ఊరి నుంచి చేపల వేటకెళ్లే ఒక వేటగాడు వచ్చేవాడు. అత్త కంటే పదేళ్లు చిన్న. సముద్రంలో తుఫానుకి జంకని మనిషి, సూదిని చూస్తే వణికేవాడు. సూది గుచ్చేటప్పుడు కళ్లు తిప్పుకోవద్దని, నొప్పి ఎక్కడ మొదలై ఎంతసేపు ఉండి ఎక్కడ ఆగుతోందో చూడమని అత్త అతనికి నేర్పింది. అతను ఆవిణ్ణి అప్పా అని పిలిచేవాడు, అక్కని పిలిచినట్టు. రెండో నెలకి సూదికి చెయ్యి తనే చాపడం మొదలుపెట్టాడు. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క శిష్యుడు అతను. ఆ మాట అంటే మాత్రం ఆవిడ తిట్టేది.

నిరుడు ఎండాకాలంలో ఆ కేంద్రంలో సగం మిషన్లు ఆగిపోయాయి. బాగుచేయించాలని కాగితాలు పైకి పంపించామన్నారు. ఈలోపు అందరికీ సర్దాలని నాలుగు గంటలు జరగాల్సిన డయాలసిస్‌ని రెండున్నర గంటలకి దించారు. అది తెలియని వాళ్లకి చిన్న మార్పులా కనిపిస్తుంది. రెండు వారాలకి వేటగాడి మొహం ఉబ్బిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. మా అత్త కాళ్లకి చెప్పులు పట్టడం మానేశాయి. అడిగితే ఓపిక పట్టమన్నారు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం రోగుల కోసం ఒక కార్యక్రమం పెట్టారు. ఆ రోజు అత్తకి తోడుగా నేను వెళ్లాను. విశాఖపట్నం నుంచి ఒక యువకుడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. మైండ్‌ఫుల్‌నెస్ గురించి చెప్పాడు. ఊపిరి మీద ధ్యాస పెట్టండి, ఈ క్షణంలో ఉండండి, ఉన్నదాన్ని అంగీకరించండి, మనం ఎదిరించడం వల్లే బాధ పెరుగుతుంది, నెగెటివ్ ఆలోచనలు వదిలేస్తే సగం జబ్బు తగ్గినట్టే అన్నాడు. అందరి చేతా ఐదు నిమిషాలు కళ్లు మూయించాడు. తర్వాత ఎవరికి ఎలా అనిపించిందో చెప్పమన్నాడు.

మా అత్త చెయ్యెత్తింది. లేవబోతే కూర్చునే చెప్పమన్నాడతను.

"బాబూ, నువ్వు సెప్పినట్టే ఊపిరి మీద మనసెట్టాను. ఎడితే ఆయాసం కనిపించినాది. ఆయాసం ఎందుకా అని సూత్తే ఒంట్లో నీరు. నీరెందుకా అని సూత్తే అల్లదిగో, ఆ గదిలో ఆగిపోయిన మిషన్లు. ఇంతవరకూ సూసేను. ఇందులో ఏది ఒగ్గీమంటావో సెప్పు."

ఆ యువకుడు ఆ గది వైపు చూశాడు. తనకి మిషన్ల సంగతి తెలియదన్నాడు. నిజంగానే తెలియదు పాపం. అతని మీద నాకు కోపం లేదు. మిషను బాగుచేయించడానికి మనిషి దొరకని చోటికి, ఊపిరి పీల్చడం నేర్పడానికి మనిషిని పంపించిన వాళ్ల మీద మాత్రం ఈ రోజుకీ ఉంది.

మా అత్త లేచి, నా భుజం పట్టుకుని బయటికి నడిచి, ఇన్‌చార్జి గది ఎదురుగా వరండాలో గోడకి చేరబడి కూర్చుంది. వేటగాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే. చివరికి పన్నెండు మంది రోగులూ, వాళ్లతో వచ్చిన మేమూ. అరవద్దనీ, ఎవరినీ తిట్టొద్దనీ అత్త అందరికీ చెప్పింది. కళ్లు మాత్రం మూసుకోవద్దంది. "కళ్లు మూసుకుంటే ఈ ఇన్‌చార్జి బాబు అటునుంచటే ఎలిపోతాడు. సూత్తా ఉండండి" అంది. కొందరికి నవ్వొచ్చింది.

ఇన్‌చార్జి మొదట బతిమాలాడు, రోగులు నేల మీద కూర్చోకూడదన్నాడు. తర్వాత గద్దించాడు. తర్వాత పోలీసుకి ఫోన్ చేశాడు. కానిస్టేబుల్ వచ్చి చూస్తే నినాదం లేదు, బ్యానరు లేదు, దారికి అడ్డం లేదు. ఏం రాసుకోవాలో తెలియక నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాడు. ధర్నా చేయడానికి అనుమతి లేదని ఇన్‌చార్జి అత్తకే చెప్పాడు.

"దర్నా కాదు బాబూ" అంది అత్త. "మీరు పిలిపించిన బాబు నేర్పిన పాటమే. ఉన్నదాన్ని ఉన్నట్టు సూత్తన్నాం. రండి, మీరూ కూకోండి."

ఆయన కూర్చోలేదు. కానీ వరుస చివర ఇంకొకరు కూర్చున్నారు. చూస్తే, లాప్‌టాప్ సంచీ ఒళ్లో పెట్టుకుని ఆ యువకుడు. సాయంత్రం వరకూ లేవలేదు. ఆఖరి బస్సు ఉందని వెళ్తూ వెళ్తూ అత్త దగ్గరికి వచ్చి వంగాడు. కాళ్లకి దండం పెడతాడని కాబోలు, ఆవిడ కాళ్లు ముడుచుకుంది. ఇక్కడ చూసింది ఇంకోచోట చెప్పమంది, అంతే.

ఆదివారం సెలవు. సోమవారం పొద్దున్న మళ్లీ కూర్చున్నారు. ఈసారి ఎక్కువమంది. మధ్యాహ్నానికి జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. గురువారానికి మెకానిక్కులు వచ్చారు. ఆ పై సోమవారం నుంచి అందరికీ మళ్లీ నాలుగు గంటలు.

వేటగాడు ఆదివారమే పోయాడు. నాలుగు గంటలు మళ్లీ మొదలవడానికి ఒక్క రోజు ముందు.

కేంద్రంలో కొందరు స్వీట్లు పంచబోతే మా అత్త పంచనివ్వలేదు. గెలిచామని ఎవరైనా అంటే, పక్క మంచం వైపు చూపించేది. "ఒకడు తక్కువున్నాడు. అది సూసి మాటాడండి" అనేది. అతని ఊరు వెళ్లి అతని భార్య పక్కన ఒక పగలంతా కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడిందని అడిగితే ఏమీ మాట్లాడలేదంది. చెప్పడానికేం లేనప్పుడు చెప్పకూడదంది. ఆ నెలంతా పెరటి అరుగు మీద కూర్చున్నప్పుడు ఆవిడ దవడలు బిగిసి ఉండేవి. ప్రశాంతత కోసం ఎవరైనా ఆ ముఖం చూసి ఉంటే భయపడేవాళ్లు.

నా సంగతి కూడా చెప్పాలి. ఈ ఏడాది మొదట్లో నా పాదాలు కొద్దిగా వాచాయి. నేను గమనించనట్టు ఉండిపోయాను. అత్త గమనించింది. పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చేదాకా వదల్లేదు. రిపోర్టు ఫోన్‌లోకి వచ్చింది. నేను సైన్సు టీచర్ని. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంటే ఏమిటో పిల్లలకి బోర్డు మీద రాసి చెబుతాను. అయినా నాలుగు రోజులు ఆ మెసేజీ తెరవలేదు. ఐదో రోజు అత్త దగ్గరికి వెళ్తే అడిగింది. ఇంకా చూడలేదన్నాను.

"తెరువు. నానిక్కడే ఉన్నాను" అంది.

తెరిచాను. అంకె గీత దాటి ఉంది. చాలా కాదు. కానీ దాటింది. ఏమీ కాదులే అని ఆవిడ అనలేదు. దేవుడున్నాడని కూడా అనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి నేను ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చింది. ఆ తర్వాత కాగితం, పెన్నూ తెమ్మని, రేపు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఏ నొప్పి మాత్రలు ఈ పూట నుంచే మానాలో నా చేతే రాయించింది. నాకు ఒళ్లు మండిపోయింది. మావయ్యా, నువ్వూ, ఇప్పుడు నేనూ, ఇంకా ఎంతమందిమి ఓర్చుకోవాలి అని ఆవిడ మీదే అరిచాను.

అప్పుడు మా అత్త చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. "ఓర్సుకోమని నానెప్పుడన్నానే? నాకు కోపం పోనేదు గుంటా. పోవాలని నాను కూకోనేదు. ముందు అది నన్ను ఈడ్సుకెల్లీది. ఇప్పుడు నానే దాన్ని ఎక్కడికి తీసుకెల్లాలో అక్కడికి తీసుకెల్తన్నాను. నువ్వూ ముందు కూకో. అరవడానికి ఊపిరుండాలి కదా."

ఆ మర్నాటి నుంచి నేనూ కూర్చుంటున్నాను. ప్రశాంతంగా ఉంటోందా అని స్టాఫ్‌రూంలో అడుగుతారు. లేదని చెబుతాను. కళ్లు మూసుకోగానే నాకు కనిపించేది భయమే. అయితే అది ఎంత పొడుగో, ఎంత వెడల్పో ఇప్పుడు తెలుసు. మా ఊళ్లలో ఇన్ని కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, తాగే నీళ్లలో ఏముందో తేల్చమని అడిగే కాగితం మీద సంతకం పెట్టమంటే మునుపు ఉద్యోగం గురించి ఆలోచించేదాన్ని. ఇప్పుడు పెడుతున్నాను. ఇంకొకరి చేత కూడా పెట్టిస్తున్నాను.

దినం రోజున ఫ్లెక్సీ కట్టిన యువకులతో మాట్లాడాను. ఆ 'ధ్యానయోగిని' తీసేయమన్నాను. గౌరవంగానే వేశాం కదక్కా, మరేమని వేయాలన్నారు. జీడిపిక్కల కార్మికురాలు అని వేయమన్నాను. అప్పటికే అచ్చయిపోయింది కాబట్టి ఆ మాట మీద తెల్ల కాగితం అంటించి, నల్ల స్కెచ్ పెన్నుతో నేను చెప్పింది రాశారు. అక్షరాలు వంకరగా వచ్చాయి. భోజనాలకి వచ్చిన షెడ్డు ఆడవాళ్లు దాని ముందు ఆగి, కూడబలుక్కుని చదువుకుని లోపలికి వచ్చారు.

ఆవిణ్ణి నేను చివరిసారి చూసింది పోవడానికి రెండు వారాల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం. బాగా నీరసించిపోయింది. వీధిలో చేపల బుట్ట దించుకుని ఒకామె కేకేస్తోంది. వంటింట్లో వదిన పోపు పెడుతోంది. మంచం పక్కన కూర్చుంటే అత్త తన ఎడమ చెయ్యి నా ముందుకి చాపింది. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి అది. మోచేతి కింద చర్మం తాడు ముళ్లలా ఉబ్బి ఉంది. మూడేళ్లుగా చూస్తున్నా, ఒక్కసారి కూడా నేను దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ నా అరచెయ్యి తీసుకుని ఆ ఉబ్బు మీద పెట్టి, పైన తన నల్లటి వేళ్లతో అదిమింది.

లోపల రక్తం జుమ్మంటోంది. తుమ్మెద గుప్పెట్లో చిక్కుకుంటే ఎలా ఉంటుందో అలా, ఆగకుండా, నా మణికట్టు దాకా పాకుతూ. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. ఆవిడ వదల్లేదు.

"సూడు" అంది, కళ్లు నా మీద నుంచి తిప్పకుండా. "ఎలా కొట్టుకుంటన్నాదో సూడు."